ఎవరికీ చెప్పకూడని ఆరంకెలు

కింది వాటా ముందుగది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర కావస్తోంది. పెద్దకోడలు, ఆమె అత్తగారు, ఫైబర్ లైను చూసే అతను.

“మళ్ళీ లెక్కపెట్టు తమ్ముడూ. ఈసారి పైకి చదువు.”

“రెండుసార్లు చదివాను మేడమ్. ఈ వారంలో మీ వైఫైకి కలిసినవి తొమ్మిది.”

“మా ఇంట్లో ఉన్నవి ఆరు. నా ఫోను, ఆయన ఫోను, నా ఆఫీసు కంప్యూటరు, టీవీ, అత్తయ్యగారి ఫోను, ఆవిడ టాబ్లెట్టు. ఆరు. మిగతా మూడు ఎవరివి?”

“పాత రౌటర్ కదా, పేర్లు సరిగ్గా చూపించదు. రెండింటికి ఉత్త నంబర్లే ఉన్నాయి. ఒకదానికి మాత్రం పేరుంది.”

“ఏం పేరు?”

“బుజ్జిపిట్ట.”

“విన్నారా అత్తయ్యా.”

“ఏంటమ్మా?”

“బుజ్జిపిట్టట. మన వైఫైలో వచ్చి కూర్చుంది.”

“పిట్టలు ఎక్కడైనా కూర్చుంటాయమ్మా.”

“నవ్వులాట కాదు. పై వాటాలో మీ చిన్నకొడుకు తన కూతుర్ని ఏమని పిలుస్తాడో మీకు తెలియదా?”

“నాకెలా తెలుస్తుంది? ఆ మెట్ల తలుపుకి తాళం పడి రెండేళ్ళయింది. బయటి మెట్లెక్కుదామంటే మోకాళ్ళు ఒప్పుకోవు. పైన ఎవరు ఎవర్ని ఏమని పిలుచుకుంటారో కింద పడున్న ముసలిదానికి ఏం తెలుస్తుంది.”

“ఇంత పొడుగు సమాధానం చెప్పారంటే తెలుసన్నమాట.”

“మేడమ్, నేను పని మొదలెట్టనా? ఇంకా రెండిళ్ళకి వెళ్ళాలి.”

“ఉండు. ఇది తేలాలి. నా వెనకగదికే రాని సిగ్నల్ పైకెలా ఎక్కుతోంది?”

“మీ వెనకగదికి మధ్యలో రెండు మందపాటి గోడలున్నాయి. మెట్ల దగ్గర ఉన్నది పలచటి చెక్క తలుపు. సిగ్నల్‌కి తాళంతో పని లేదు మేడమ్.”

“పాస్‌వర్డ్‌తో పనుంటుందిగా. అది తెలియకుండా ఎవరైనా వాడుకోగలరా?”

“లేదు. ఎవరో ఒకరు చెప్పుంటారు.”

“ఎవరో ఒకరు. అత్తయ్యా, ఎవరో ఒకరట.”

“ఆ అబ్బాయి నన్ను చూసి అనలేదు కదా.”

“నేను మిమ్మల్ని చూసి అంటున్నాను. రోజూ నాలుగింటికి గది తలుపేసుకుని ఎవరితో మాట్లాడతారు మీరు?”

“మా చెల్లెలితో.”

“నిన్న మీ చెల్లెలు నాకు ఫోన్ చేసింది. అక్క మాట్లాడి నెల దాటింది, ఒంట్లో బాగుందా అని.”

“దానికి మతిమరుపు.”

“మొన్న మంచినీళ్ళకి వస్తూ విన్నాను. ‘డబ్బాలో పెట్టింది మొత్తం తిన్నావా’ అని అడుగుతున్నారు.”

“దానికి షుగరు. తిండి సంగతి అడగొద్దా?”

“డెబ్బై ఏళ్ళావిడకి డబ్బా కట్టేదెవరు?”

“తలుపుల పక్కన ఆగి వినే అలవాటు మంచిది కాదమ్మాయ్.”

“మేడమ్, నా మాట వినండి. మీ సిగ్నల్ తగ్గడానికీ ఆ పిట్టకీ సంబంధం లేదు. ఈ కొత్త మెష్ డబ్బాలు మూడున్నాయా, ఒకటి ఇక్కడ, ఒకటి పెద్దమ్మగారి గుమ్మం దగ్గర, ఒకటి మీ వెనకగదిలో పెడదాం. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని సిగ్నల్‌ని లోపలిదాకా తీసుకెళ్తాయి.”

“గోడలు నిన్న కట్టినవి కాదు తమ్ముడూ. ఇంట్లోంచే ఆసుపత్రి ఫోన్లు ఎత్తే పని నాది, ఆ కాల్స్ తెగడం మొదలై మూడు నెలలు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే మధ్యలో పెట్టేస్తున్నారని రోగులు నా మీద ఫిర్యాదులు రాస్తున్నారు. మా మేనేజరు మొన్న తేల్చి చెప్పింది. ఇంకొక్కసారి రెండింటికి లాగిన్ కాకపోతే నీ సీటు ఇంకొకరికి ఇస్తాం అని. ఏడేళ్ళ ఉద్యోగం. దాన్ని ఎవరో పైన కూర్చుని పీల్చేస్తుంటే నేను చూస్తూ ఊరుకోవాలా?”

“ఊరుకోవద్దు. రౌటర్ కూడా ముసలిదైంది, అందుకే ఇప్పుడు తెగుతున్నాయి. ఇప్పుడు చెప్పండి, ఈ మొదటి డబ్బాని పాత రౌటర్‌కి తగిలించమంటారా, నేరుగా ఫైబర్‌కి పెట్టమంటారా?”

“తేడా ఏంటి?”

“గోడ మీద ఈ చిన్న పెట్టె ఉంది చూశారా? ఫైబర్ వచ్చి ఆగేది ఇందులోనే. ఇక్కణ్ణుంచి వైరు పాత రౌటర్‌కి వెళ్తోంది. కావాలంటే పాతది తీసేసి, ఆ వైరుని నేరుగా మెష్‌కి పెట్టొచ్చు.”

“నేరుగా పెట్టు. మధ్యలో ఎవరూ వద్దు.”

“పాతది ఉండనివ్వమ్మా. దానికేం రోగం? పెట్టిన నాటినుంచి కన్నార్పకుండా వెలుగుతోంది.”

“ఆ డబ్బా మీద మీకింత ప్రేమ ఎప్పట్నుంచి అత్తయ్యా?”

“అలవాటైన వస్తువు.”

“అలవాటైన పాస్‌వర్డ్ కూడా. తమ్ముడూ, పాతదాన్ని ఊడదియ్యడమే కాదు. దాని కడుపులో ఉన్నదంతా చెరిపెయ్యి.”

“రీసెట్ ఎందుకు మేడమ్? ఆపేసి పక్కన పెడితే చాలు. లైను ఐడీ, లాగిన్ పాస్‌వర్డ్ దాంట్లోనే ఉన్నాయి. ముందు అవి చూసి రాసుకుని...”

“పక్కన పెడితే రేపు అత్తయ్యగారు మళ్ళీ గుచ్చుతారు.”

“నాకు టీవీయే పెట్టడం రాదు.”

“పాస్‌వర్డ్ చెప్పడం వచ్చుగా. చెరిపెయ్యి తమ్ముడూ. నా కళ్ళముందే.”

“ఆ ఐడీ కాగితం మీ దగ్గరుందా?”

“మా ఆయన ఫైల్లో అన్నీ ఉంటాయి. నువ్వు నొక్కు.”

“అమ్మాయ్, ఒక్కసారి ఆలోచించుకో.”

“నొక్కు తమ్ముడూ.”

“సరే. పది లెక్కపెట్టేదాకా నొక్కి ఉంచాలి... ఆ. అయిపోయింది.”

“బుజ్జిపిట్ట ఎగిరిపోయిందా?”

“అందరూ ఎగిరిపోయారు మేడమ్. మీరు కూడా.”

“చాలు. ఇది పైకి కూడా వినపడాలి. ఇదిగో, పైనున్నవాళ్ళూ. ఇవాళ్టితో సరి. ఇక మీ నెట్టు మీరు పెట్టించుకోండి. ఒకళ్ళ సొమ్ము అడక్కుండా వాడుకుంటే దాన్ని దొంగతనం అంటారు. దొంగతనం.”

“తలుపు పలచటిదని ఇందాకే చెప్పాడమ్మా ఆ అబ్బాయి. అంత గొంతు అక్కర్లేదు.”

“ఉండనీండి. ఇదిగో తమ్ముడూ ఫైలు.”

“ఇది గ్యాసు... ఇది ఇంటిపన్ను... ఇది నీళ్ళ మీటరు కాగితం మేడమ్.”

“కింద చూడు.”

“కింద టీవీ వారంటీ. ఫైబర్‌ది లేదు.”

“ఎందుకు ఉండదు? ఆగు, ఆయన్ని అడుగుతా... ఎత్తట్లేదు. ఈ టైములో మీటింగులో ఉంటారు.”

“కంగారేం లేదు. మా ఆఫీసులో ఇస్తారు... హలో. ఆ, నేనే. కస్టమర్ ఇంట్లోనే ఉన్నాను. పాత రౌటర్ తీసేసి మెష్ నేరుగా పెడుతున్నాం. ఐడీ, పాస్‌వర్డ్ రెండూ కావాలి. పాతదాన్ని వదిలించి కొత్తదానికి కట్టాలి. లైను నంబరు చెప్తున్నా రాసుకో... ఆ, అదే. ఓటీపీ పంపు. మేడమ్, మీ ఫోనుకి ఆరంకెలు వస్తాయి, చెప్పండి.”

“రాలేదు.”

“పంపించారే. సార్ ఫోనుకి వెళ్ళిందా? చివర నలభై ఏడు.”

“నాది పన్నెండు. ఆయనది ముప్పై. నలభై ఏడు ఎవరిది?”

“కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్ళది.”

“మా పేరునే ఉంది. కట్టేది కూడా మేమే.”

“మీరు కడతారా, సార్ కడతారా?”

“ఆయనే. అంటే, ఎప్పుడైనా నేను అడిగితే, అది దానంతటదే జరిగిపోతోందిలే అంటారు.”

“జరిగిపోతోంది మేడమ్. ఆ నలభై ఏడు నంబర్ నుంచే.”

“...అత్తయ్యా, ఎక్కడికి లేస్తున్నారు?”

“మందేసుకోవాలి.”

“భోజనం కాకుండా మందేంటి? కూర్చోండి. నలభై ఏడు ఎవరిది?”

“అంకెలు నాకు గుర్తుండవమ్మా.”

“మనుషులు గుర్తుంటారుగా. ఈ లైను వేసిన రోజు ఇంట్లో ఎవరున్నారు?”

“అందరం ఒకే పొయ్యి మీద వండుకు తినే రోజులు. నీకు ఈ ఉద్యోగం వచ్చిన వారమే. మగాళ్ళిద్దరూ పనికి వెళ్ళారు. నీ ఫోను నీళ్ళ బకెట్లో పడి రిపేరుకెళ్ళింది. లైను వేసేవాళ్ళు పేరూ నంబరూ అడిగితే ఇంట్లో ఫోనున్నది ఒక్కరికే.”

“ఎవరికి?”

“నీ తోటికోడలికి. నువ్వే అన్నావు. ‘చెల్లీ, నీది ఇచ్చెయ్యవే, ఎవరిదైతే ఏంటి’ అని.”

“...అలా అన్నానా?”

“వంకాయలు తరుగుతూ అన్నావు. నా ఎదురుగానే.”

“అయితే ఈ లైను...”

“పైవాళ్ళదే మేడమ్. లెక్క తిరగబడింది. ఆ మూడూ ఓనర్లవి. మిగతా ఆరే...”

“నువ్వు కాసేపు మాట్లాడకు తమ్ముడూ.”

“సరే.”

“మీకు తెలుసు అత్తయ్యా. నేను దొంగతనం అని అరుస్తున్నప్పుడు కూడా తెలుసు.”

“ఆలోచించుకో అన్నాను. నొక్కు అన్నావు.”

“ఈ రెండేళ్ళలో ఒక్కసారైనా చెప్పొచ్చుగా.”

“చెప్తే ఆ పూటే వైరు తెంపి బయట పారేసేదానివి. నీ సంగతి నాకు తెలియదా? అప్పుడు నా నాలుగింటి కబుర్ల సంగతేంటి?”

“అంటే రోజూ మీరు మాట్లాడేది...”

“దానితోనే. నా నెత్తిమీద పరిగెడుతుంటే అడుగుల చప్పుడు వింటాను. ముఖం మాత్రం ఆ టాబ్లెట్టు పలకలో చూసుకుంటాను. పైనున్న మనవరాలికి కిందున్న నాయనమ్మ. మధ్యలో పన్నెండు మెట్లు.”

“మేడమ్, మాట్లాడొచ్చా?”

“చెప్పు.”

“ఆ ఓటీపీ పది నిమిషాలే ఉంటుంది. నాలుగు అయిపోయాయి.”

“మళ్ళీ పంపించమను.”

“ఒకసారి తప్పితే మళ్ళీ రేపే.”

“టైమెంత?”

“ఒకటీ నలభై ఎనిమిది.”

“పాత రౌటరే మళ్ళీ పెట్టెయ్యి.”

“అదిప్పుడు ఉత్త డబ్బా మేడమ్. దానికైనా ఐడీ కావాలి. చెరిపించింది మీరే.”

“ఫోన్ నెట్‌తో అవ్వదు, మా ఆఫీసువాళ్ళు ఒప్పుకోరు. తమ్ముడూ, నువ్వు బయటి మెట్ల మీంచి వెళ్ళి అడిగిరా. కంపెనీ తరఫున అని చెప్పు.”

“దొంగలని అరిచిన ఇంట్లోంచి వెళ్ళి, వాళ్ళ ఓటీపీ అడగమంటారా? తలుపు నా మొహాన వేస్తారు.”

“అత్తయ్యా, మీరు ఫోన్ చెయ్యండి.”

“నెట్టు లేదుగా.”

“మామూలు ఫోను అత్తయ్యా.”

“దాని నంబరు నా దగ్గర లేదమ్మా. పలకలో పిట్ట బొమ్మ నొక్కితే వస్తారు, అంతే నాకు తెలుసు. నీ దగ్గర లేదా?”

“ఉంది.”

“తీసెయ్యలేదా?”

“బ్లాక్ చేశాను. తీసెయ్యలేదు.”

“అయితే చెయ్యి.”

“ఏమని చెయ్యను?”

“అక్కా.”

“...ఎవరది? తలుపు వెనక ఎవరు?”

“పిట్ట కాదులే. పిట్ట తల్లి.”

“మీరుండండి అత్తయ్యా. ఎప్పుడొచ్చావక్కడికి?”

“‘ఎవరిదైతే ఏంటి’ దగ్గర వచ్చానక్కా. అంతకుముందే నీ దొంగతనం మాట పైకి వినపడింది. తర్వాత ఫోనుకి ఈ అంకెలొచ్చాయి. నేనేం అడగలేదే అనుకున్నాను. రెండూ కలుపుకునేసరికి అర్థమైంది.”

“ఆ అంకెలు చెప్పు.”

“‘దీన్ని ఎవరికీ చెప్పకండి’ అని రాశారు.”

“నేను ఎవరో కాదుగా.”

“పావుగంట కింద దొంగని కదా. అందుకని అడుగుతున్నా. ఇప్పుడెవర్ని?”

“రెండింటికి నేను పనిలో కూర్చోవాలి.”

“తెలుసు. సెలవురోజైతే రెండయ్యేసరికి పిల్లని మంచమెక్కించి బొమ్మలేయిస్తాను, నీ నెత్తిమీద పరిగెత్తకుండా. నీ మధ్యాహ్నం మాకూ మధ్యాహ్నమే.”

“నేను అడిగానా అలా చెయ్యమని?”

“అడగలేదు. ఆ రోజు అది నీ గదిలోకొచ్చి ఏడ్చిందనీ, ఫోన్లో వినపడి మీ ఆఫీసులో నీకు మాట పడిందనీ తెలుసు. తప్పు మాదే. అందుకే నువ్వు తాళం వేస్తే మాట్లాడలేదు.”

“ఒక్క రోజుకని వేశాను. ఆ రోజు మా మేనేజరు కాల్స్ వింటానంది. ఒక్క రోజుకే.”

“మర్నాడు తీస్తావనుకున్నాను.”

“నువ్వు వచ్చి తట్టితే తీద్దామనుకున్నాను.”

“తట్టితే మళ్ళీ నీ ఫోన్లో వినపడుతుందని తట్టలేదు.”

“...రెండేళ్ళు.”

“ఆ వారమే కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. మాటల్లో రెండు వాటాలయ్యామని చెప్తే, మీ లైను పైకి మార్చమంటారా అన్నారు. వద్దు, అక్క పని దాని మీదే నడుస్తోంది అన్నాను. మన గోడల సంగతి తెలియక, పైన మాకు సిగ్నల్ రెండు గీతలే వస్తుంటే, కింద నీకు బాగా వస్తోందేమో అనుకున్నాను.”

“నాకు ఒక గీతే వచ్చేది.”

“అయితే ఇద్దరం ఒకర్నొకరం తిట్టుకున్నాం.”

“నువ్వు కూడా తిట్టావా?”

“మెల్లగా తిట్టాను.”

“మేడమ్, రెండు నిమిషాలుంది. పెద్ద మేడమ్ అయినా చిన్న మేడమ్ అయినా, ఎవరైనా చెప్పండి.”

“చెప్పవే చెల్లీ.”

“చెప్తానక్కా. కానీ తలుపు సందులోంచి చెప్పను. నీ ముఖం చూసి చెప్తాను.”

“అయితే లోపలికి రా. ఎవరొద్దన్నారు?”

“ఎలా రానక్కా? తాళం నీ వైపే ఉంది.”