దిగినక్క దిగిన స్టేషను

ఏంటీ, నీ దగ్గర ఫైను కట్టించుకున్నారా? టికెట్టేమో ఆఖరి స్టేషనుకి, నువ్వు దిగిందేమో రెండు స్టేషన్లు ముందు, అంతేగా? ఇటొచ్చి కూర్చో, నాకు ఎడమ చెవి వినపడదు. ఆఁ, ఇప్పుడు చెప్పు. చవక టికెట్టా? దాని మీద మధ్యలో దిగకూడదన్నాడా? ఉందేమోలే, ఇప్పటి రూళ్ళు నాకేం తెలుసు. మరి ఆ రూలేదో చూపించమని అడిగావా? అడగలేదు. డబ్బులిచ్చేసి తలొంచుకుని వచ్చేశావు. మీ తాత ముప్ఫై ఆరేళ్ళు గేటు దగ్గర నిలబడి టికెట్లు పుచ్చుకున్నవాడే తల్లీ, ఒక్కమాట అడగొద్దూ? సరేలే, నేను మాత్రం ఏం పొడిచాను గనక. అడగడమనేది నాకూ ఒకావిడ నేర్పిందే. దిగినక్క అనేవాళ్ళు. నువ్వెరగవు. మీ అమ్మకి లీలగా గుర్తుండాలి, చిన్నప్పుడు దానికి రాతపుస్తకం కుట్టిచ్చింది. అసలు పేరేదో ఉందిలే, ఊళ్ళో ఎవరూ వాడలేదు, మనకెందుకు.

అప్పుడు నాకు ఇరవై రెండు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. కోటుకి ఇత్తడి బొత్తాలు, వాటిని రోజూ తోముకోవడం, ఆ బొత్తాల్లో మొహం చూసుకోవడం. అదో పిచ్చి. మా స్టేషన్ మాస్టరు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని బల్లంతా వెతుక్కునేవాడు, అందుకని పోర్టర్లు చాటుగా మూడుకళ్ళాయన అనేవాళ్ళు. చెడ్డవాడు కాదు, అలా అంటే కళ్ళు పోతాయి. నాకు జ్వరమొస్తే ఇంట్లోంచి గంజి పంపించిన మనిషి. కానీ స్టేషనులో ఆయన నోట్లోంచి ఏదొస్తే అది రూలు. ఎవరి టికెట్టులోనైనా వేరే ఊరి పేరుందా, "తప్పు స్టేషను! ఫైను!" అంతే. ఇవతలి ఊరికి టికెట్టు కొని అవతలికి దాటొచ్చినవాడికి ఫైనంటే న్యాయమే, దొంగప్రయాణం కదా. పాపం అవతలి ఊరికి టికెట్టు కొనుక్కుని ముందే దిగినవాడికీ అదే ఫైను. రసీదు మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చేవాడు. ఎందుకండీ అని నేనెప్పుడూ అడగలేదు. కొత్త ఉద్యోగం, కుక్కిన పేనులా పడుండేవాణ్ణి.

ఇలా ఉండగా ఒకరోజు మధ్యాహ్నం బండి వచ్చింది. ఇంజను నీళ్ళు పట్టుకోవడానికి మా దగ్గర పది నిమిషాలు ఆగేది. అందులోంచి ఒకావిడ దిగింది. ముప్ఫై ఎనిమిదీ నలభై ఉంటాయి, బక్కమనిషి, చేతిలో రేకుపెట్టె, భుజానికి గుడ్డసంచీ. టికెట్టిచ్చింది. చూస్తే ఆఖరి స్టేషనుది. "మీ ఊరు ఇంకా రాలేదమ్మా, గబగబా ఎక్కండి, కదిలిపోతుంది" అన్నాను. "తెలుసు బాబూ, ఇక్కడ దిగాలనే దిగాను" అంది. అయితే ఫైను కట్టాలన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "ఎక్కువ దూరానికి డబ్బిచ్చాం, తక్కువ దూరం వచ్చాను. న్యాయంగా అయితే మీరే నాకివ్వాలి. పోనీ, వదిలేశాను ఫో" అంది. వెనకాల వరసలో వాళ్ళు గొల్లుమన్నారు. నాకు చెవులు ఎర్రబడిపోయాయి. ఈ గోలకి మూడుకళ్ళాయన బయటికొచ్చాడు. "ఏంటమ్మా, రూలు తెలీదా?" "తెలీదండీ. చూపిస్తే తెలుసుకుంటాను. రూలంటే ఎక్కడో రాసే ఉంటుంది కదా!" ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరనుకుంటా. "ఒరేయ్, పుస్తకం పట్రా!" అని నామీద అరిచాడు.

పుస్తకం ఎక్కడుందో తెలుసా? ఆయన కుర్చీకి ఒక కాలు పొట్టి, దానికింద పెట్టారు. నిజం తల్లీ, నవ్వకు. కుర్చీ ఎత్తి లాగితే అట్ట ఒకచోట, కాగితాలు ఒకచోట. దుమ్ము దులిపి వెతికితే ఉంది. నాకిప్పటికీ కంఠతా వచ్చు. "టికెట్టులో పేర్కొన్న స్టేషనుకు ముందే ప్రయాణం చాలించిన వ్యక్తి టికెట్టును గేటు వద్ద అప్పగించి వెళ్ళవచ్చును. మిగిలిన దూరానికి సొమ్ము వాపసు చేయబడదు." అంతే. ఫైనూ లేదు, గీనూ లేదు. మాస్టరు నా భుజం మీంచి చదివి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, "మూసెయ్" అన్నాడు చిన్నగా. ఇన్నేళ్ళు రాసిన రసీదులన్నీ ఆయన కళ్ళముందు తిరిగుంటాయి. నేనేం చేశాననుకున్నావు? మూసేశాను. బయటికొచ్చి, "ఉందండీ, ఫైనే" అన్నాను. "ఇలా ఇవ్వు, నాకు చదవడం వచ్చు." "బయటివాళ్ళకి ఇవ్వకూడదండీ." పుస్తకం వీపు వెనక దాచుకుని అన్నానా మాట. దాచుకున్న ఈ చెయ్యి నరికెయ్యాలి అసలు. బండి కూతేసి వెళ్ళిపోయింది. ఆవిడ పెట్టె గేటు మధ్యలో పెట్టి దానిమీద కూర్చుంది. "మీకు తీరిక దొరికినప్పుడు చదివి వినిపించండి, నాకేం తొందర లేదు" అంది. మధ్యాహ్నం మూడింటినించి వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అందరూ ఆవిడ పక్కనించి అడ్డంగా నడిచి వెళ్ళడమే.

నేను గేటు వదిలి ఎక్కడికి పోతాను? పక్కనే నిలబడాలిగా. ఉండబట్టలేక అడిగాను, ఎందుకండీ ఈ మొండితనం, హాయిగా ఇంటికెళ్ళొచ్చుగా అని. "ఏ ఇల్లు?" అంది. పెళ్ళయిన మూడేళ్ళకి మొగుడు పోయాడట. ఈ చివరి ఊళ్ళో అన్న, ఆ చివరి ఊళ్ళో తమ్ముడు. ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు అక్కడ. ఎవరింట్లో పురుడొస్తే, ఎవరింట్లో జబ్బొస్తే అటు ఎక్కించేవాళ్ళు. టికెట్టు వాళ్ళే కొనేవాళ్ళు, ఎక్కించేవాడొకడు, దించుకునేవాడొకడు. "పార్శిలుకైతే రసీదన్నా ఇస్తారు బాబూ" అంది. కొట్టేవాళ్ళా అని అడిగాను, బుద్ధితక్కువ వెధవని. "ఛ, బంగారంలాంటి వాళ్ళు. నన్నేనాడూ పల్లెత్తు మాట అనలేదు. నన్నేనాడూ ఏ మాటా అడగలేదు కూడా" అంది. మరి మా ఊళ్ళోనే ఎందుకు దిగినట్టు? గేటు అవతల పుస్తకాలు కుట్టే బైండింగు షాపుండేది. ఆయన మహా కోపిష్టి, ఈగని వాలనివ్వడు, పనివాళ్ళు నెల తిరక్కుండా పారిపోయేవాళ్ళు. గోడమీద బోర్డు: కుట్టుపనికి ఆడవాళ్ళు కావలెను. బండి నీళ్ళకి ఆగినప్పుడల్లా ఈవిడ కిటికీలోంచి ఆ బోర్డు చూసేదట, ఆరేళ్ళుగా. "ఆరేళ్ళయినా తియ్యలేదంటే అక్కడెవరూ నిలవట్లేదన్నమాట. నేను నిలుస్తాను" అంది. గేటు కడ్డీల్లోంచి ఆ బోర్డు వంకే చూస్తూ అంది.

ఈలోపు అక్కడ ఆఖరి స్టేషనులో తమ్ముడు చూశాడు, అక్క దిగలేదు. స్టేషన్లన్నిటికీ ఫోన్లు కొట్టించాడు. మా మాస్టరు, "ఇక్కడే ఉందండీ, వచ్చి తీసుకెళ్ళండి" అన్నాడు. సాయంత్రం ఇంకా ఎండ పోలేదు, ఎదురుబండిలో దిగాడు. చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చాడు పాపం. "అక్కా! ఏంటక్కా ఇది? అక్కడ మీ మరదలికి ఆపరేషను, పిల్లలిద్దరూ పక్కింట్లో ఏడుస్తున్నారు, నువ్విక్కడ పెట్టెమీద కూర్చుంటావా?" ఆవిడ మొహం ఒక్కసారి వాడిపోయింది. అప్పుడే అనుకున్నాను, అయిపోయింది, లేస్తుంది అని. లేవలేదు. "పిల్లల్ని చూడ్డానికి వస్తాన్రా. రేపే వస్తాను, పది రోజులుంటాను. నా టికెట్టు నేను కొనుక్కుని వస్తాను, నేనే కొనుక్కుని తిరిగొస్తాను" అంది. "తిరిగి ఎక్కడికి?" "ఇక్కడికి." అతనికి అర్థం కాలేదు. మా మాస్టరు మధ్యలో దూరాడు. "మీరు ఫైను కట్టెయ్యండి సార్, తప్పు స్టేషను అని రాసి తరవాత బండికి ఎక్కించేస్తాను. టికెట్టు కొన్నది మీవాళ్ళేగా." "మా అన్నయ్య కొన్నాడండీ" అని అతను జేబులో చెయ్యి పెట్టాడు.

అప్పుడే తల్లీ. నాకేమైందో తెలీదు. ధైర్యమని చెప్పను, నాకు అంత లేదు. ఆ జేబులోంచి డబ్బు బయటికి రావడం చూడలేకపోయానంతే. చంకలో పుస్తకం ఉంది. తెరిచి గట్టిగా చదివాను, పోర్టర్లూ బండికోసం నిలబడ్డవాళ్ళూ అందరూ వినేలా. వాపసు చేయబడదు అన్నదాకా చదివి, దానికిందున్నది కూడా చదివాను: "టికెట్టుపై హక్కు ప్రయాణించు వ్యక్తిది, సొమ్ము ఎవరు చెల్లించినను." మాస్టరు కళ్ళజోడు కోసం బల్ల వెతుకుతున్నట్టు చేతులాడిస్తున్నాడు, ముందు బల్లే లేదు. ఆవిడ లేచింది, బట్టలు దులుపుకుంది, టికెట్టు నా చేతిలో పెట్టి, "ఇదే మధ్యాహ్నం చదివుంటే నా నడుం పట్టేసేది కాదు కదయ్యా" అంది. పెట్టె తీసుకుని గేటు దాటింది. తమ్ముడు వెనకాలే పరిగెత్తి పెట్టె అందుకోబోయాడు. ఇవ్వలేదు.

తరవాతా? నన్ను రెండేళ్ళు ఒక చిన్న స్టేషనుకి తోసేశారు, కప్పు కూడా లేదు, గొడుగు కింద నిలబడి టికెట్లు చింపాను. మీ అమ్మమ్మతో పెళ్ళి కూడా ఆగినంత పనయింది. అయినా ఫరవాలేదు, చదివాను. ఆవిడ చెప్పినట్టే పది రోజులు తమ్ముడింట్లో ఉండి, పదకొండో రోజున సొంత టికెట్టుతో దిగింది. బైండింగు కోపిష్టి మొదటిరోజే, "ఈ దారం ఎవడు ముడేశాడు, వాడి బొంద!" అని కేకేస్తే, "మీరే, పొద్దున" అందట. అంతే, కుదిరిపోయింది. ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవాళ్ళు, వీధివీధంతా వినపడేది. మేడమీద గది ఇచ్చాడు. మధ్యలో దిగింది కాబట్టి పిల్లలు దిగినక్క అన్నారు, పెద్దవాళ్ళూ అదే పట్టుకున్నారు. మా మాస్టరు ఏం చేశాడనుకున్నావు, ఆ రూలు పుస్తకం ఆవిడకే పంపించాడు కుట్టడానికి. కుట్టి పంపింది, కొత్త అట్టేసి. కూలి మాత్రం ఒక్క పైసా తగ్గించలేదు.

ఇరవై రెండేళ్ళుంది ఆ గదిలో. నాలుగు రోజుల జ్వరంతో పోయింది. కబురందుకుని తమ్ముడొచ్చాడు, జుట్టంతా నెరిసిపోయింది. వాళ్ళ ఊరు తీసుకెళ్తామన్నాడు. కోపిష్టాయన మెట్లకి అడ్డంగా నిలబడి, "ఇరవై రెండేళ్ళు నాతో పోట్లాడిన మనిషయ్యా, ఎక్కడికి తీసుకెళ్తావ్? ఇక్కడే జరుగుతుంది, నువ్వుండు" అని అరిచాడు, ఏడుస్తూనే అరిచాడు. అతను ఉండిపోయాడు. అన్నీ అయ్యాక గది చూస్తానంటే నేనే పైకి తీసుకెళ్ళాను. ఏదీ ముట్టుకోలేదు. తలుపు దగ్గరే ఆగి, గడియ వేశాడు, తీశాడు. మళ్ళీ వేశాడు. "గడియ లోపల్నించా దీనికి?" అన్నాడు. అవునండీ అన్నాను. "మా ఇంట్లో అక్క హాల్లో పడుకునేది. పిల్లలు లేస్తే వినపడాలని" అన్నాడు. ఆ మాట అని, ఆ గడియ పట్టుకుని అలా...

ఆ కిటికీ కాస్త వెయ్యమ్మా. జల్లు లోపలికొచ్చేస్తోంది.