మిక్సర్‌కు ఎర్ర స్టిక్కర్

జర ఆగు బాలమల్లన్నా, గా ఎర్ర స్టిక్కర్ అంటియ్యకు. స్పీకర్లకు, కీబోర్డుకు, ఆఖరికి లైట్ల వైర్లకు గూడ పచ్చయే అంటించినవ్. మా మిక్సర్ కాడికి వచ్చేసరికి నీకేమైంది?

సాయంత్రం జమ్మికుంటల పెండ్లి ప్రోగ్రాం అన్నా. యాడనో ఒక పాటగాడు మైకు పట్టుకొని షాక్ కొట్టి పడిపోయిండట, గప్పటి సంది ఫంక్షన్ హాలోళ్లకు భయం పట్టుకున్నది. ఇన్సూరెన్స్ లేని బ్యాండోళ్లను గేటు దాటనియ్యం అంటుండ్రు. ఇన్సూరెన్సోళ్లేమో, ఎలక్ట్రీషియన్ పరీక్ష జేసి అన్నిటికి పచ్చ స్టిక్కర్ ఏస్తెనే ఇస్తం అంటుండ్రు. ఇగ మేం ఎవలను అడుక్కోవాలె, నిన్ను గాక?

ఏంది? ఎర్త్ వైరు ఎవలు కోసిండ్రా?

మా ఆయనే. వెస్లీయే కోసిండు. కోయక ఏం జేస్తడు? మైకు ఆన్ జేస్తె చాలు, గుయ్యిమని ఒకటే మోత. క్రిస్మస్ ఆరాధనల పాస్టరమ్మ చెవులు మూసుకున్నది. తెల్లారి గా వైరు కోసిండు, మోత బందయింది. ఆర్కెస్ట్రాలోళ్లు శానమంది గట్లనే జేస్తరన్నా.

మళ్ల కలిపితె ఫ్యూజ్ కొట్టేస్తదంటవ్. లోపల కాలింది, సామాను హైదరాబాద్ నుంచి రావాలంటవ్. మరి పెండ్లిళ్ల సీజన్ల కిరాయికి వేరే మిక్సర్ ఎవలిస్తరు? వెస్లీ పొద్దుగాల సంది తిరిగి తిరిగి ఒట్టి చేతులతోని వచ్చిండు. బయట ఆటో ట్రాలీ డ్రైవర్ హారన్ కొడ్తుండు, ఇనవస్తలేదా?

ఇయ్యాల పోకపోతె గా హాలోళ్లు మళ్ల మా మొఖం సూడరు. డ్రమ్స్ కొట్టే సాయిచంద్ ఇప్పటికే వేరే టీముకు పోత అంటుండు. నా పేరు మీద నడిచే దెబోరా టీము అన్న పేరే ఉండదిగ. నీ కాళ్లు మొక్కుత. గీ ఒక్క ప్రోగ్రాంకు పచ్చది అంటియ్యి. రేపు నేనే తెచ్చి గీ డబ్బ నీ ఇంటి ముంగట పెడ్త.

ఎవలకన్న షాక్ కొట్టిందా అంటవా? లే. ఎవలకు కొట్టలే.

కొట్టలే అంటున్న గదా. గట్ల సూడకు.

జర పెదవులు చిమచిమ అంటయి, గంతే. మొదటిసారి చర్చిలనే అయింది. పాడుతుంటె మైకు మూతికి తాకింది, నాలిక దాక జివ్వుమన్నది. కండ్లల్ల నీళ్లొచ్చినయ్. మా అవ్వ దగ్గరికి తీసుకొని, "దేవుడు నీ నోరు ముట్టిండు బిడ్డా" అన్నది. నేను నమ్మిన. గప్పటి సంది మూతి ఆనిచ్చే పాడుత. గది రాని నాడు నా ప్రార్థన తక్కువైందని ఏడ్సిన గూడ.

క్రిస్మస్ అయినంక గదా అది. వైరు కోసినంక వచ్చిన ఆదివారం. అవునన్నా, గా ఆదివారమే.

మా లిడియా ఇయ్యాల మొదటిసారి స్టేజీ ఎక్కుతది. పొద్దున ప్రాక్టీస్ జేసుకుంట జేసుకుంట నా దగ్గరికి ఉరికొచ్చింది. "మమ్మీ, నాకు గూడ వచ్చింది, పెదవి జుమ్మన్నది" అన్నది. నేను మోకాళ్ల మీద పడి స్తోత్రం చెప్పిన. మైకు ఇంక దగ్గరికి పెట్టుకో బిడ్డా అన్న. నేనే అన్న, గీ నోటితోనే.

ఇటియ్యి గా ఎర్రది. నేనే అంటిస్త.

డ్రైవర్‌కు సామాను దించుమని జెప్పు. హాలోళ్లకు వెస్లీ ఫోన్ జేస్తడు తియ్యి, తిట్లు తినుడు మాకు కొత్తనా?

లిడియా లోపల జడేసుకుంటుందన్నా. దేవుడు నన్ను గూడ ముట్టిండని పొద్దున సంది నవ్వుతనే ఉన్నది. గది కరెంటు బిడ్డా అని నేనే పోయి చెప్పాల్నా?