పిట్టలకి పేర్లెట్టిన గోవిందరాజులు

రాయగడ బస్టాండు పక్కన అప్పలకొండమ్మ టీబడ్డీలో గోవిందరాజులు కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. లేస్తాడు, గుణుపూర్ బస్సు కోసం తొంగి చూస్తాడు, మళ్లీ కూలబడతాడు. ఎదురుగా టీచరు నాగశ్రీ నోటుబుక్కు తెరిచి కూర్చుంది. బడిపిల్లల పుస్తకం కోసం, ఏ జంతువుని ఏ భాషలో ఏమంటారో అడిగి రాసుకుంటోంది. చెప్పినవాళ్ల పేర్లు కూడా అచ్చేస్తారట. మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టులో ముప్పై ఏళ్లు లైన్‌మేన్‌గా స్తంభాలెక్కాడు గానీ, గోవిందరాజులు పేరు ఇంతవరకూ ఎక్కడా అచ్చవలేదు. బస్సొచ్చేలోగా ఆ పనైపోవాలి.

"రాసుకో అమ్మీ. ఓపాలి నాను స్తంభం మీదున్నాను. పక్కన ఎండుమాను మీద ఓ పిట్ట టకటకా కొడతంది. 'ఓసి వడ్రంగిపిట్టా, ఆపే!' అని కేకేసేను. కిందనున్న ఒడియా ఫోర్‌మేను 'కాఠహణా' అన్నాడు, అంటే కర్ర నరికీదని. హిందీ ఇంజినీరు 'కఠ్‌ఫోడ్వా' అన్నాడు, కర్ర సీల్చీదని. ఆ దినం నుంచీ దేశమంతా అవే పేర్లు!"

"అంతకుముందు దానికి పేరే లేదా బాబాయ్?"

"ఎక్కడిదమ్మీ! ఆ తర్వాత ఏటయిందో తెల్సా? ఓ నీలంపిట్ట సేప కనపడితే సాలు, ఆగలేక నీళ్లలో దూకీసీది. 'సేపలకి మొకం వాసిపోయిందిరా దీనికి' అన్నాను. ఒడియావోళ్లు 'మాఛరంక' అనీసేరు, సేపలకి మొకం వాసిందని."

హారను మోగింది. దిగ్గున లేచాడు. లారీ! మరింత జోరుగా అందుకున్నాడు.

"తెల్లారీసరికి మా క్వార్టరు ముందు పేర్ల కోసం అడివంతా లైను కట్టీసింది! ఎలుగుబంటి టోకెన్లిస్తంది. పెద్దపులి సేతులు కట్టుకుని నిలబడింది. పేడపురుగు కాళ్ల మీద పడి ఏడిసింది, 'బాబూ, నా పేరు మార్సు' అని. 'పేరు మారదే, నువ్వే పని మార్సుకో' అన్నాను!"

గ్లాసులు కడుగుతున్న అప్పలకొండమ్మ తలెత్తింది.

"అన్నియ్యా, అక్కడ మీ పక్క క్వార్టరే మాది. ఆ లైన్లో సీమనైనా సూణ్ణేదు నాను. సేసే పనిని బట్టే పేరైతే, కాలనీలో నిన్నేటనేవోరో సెప్పీమంటావా?"

గోవిందరాజులు గబుక్కున రోడ్డు వైపు తిరిగి బస్సు కోసం చూశాడు. అప్పలకొండమ్మ ఆగలేదు.

"మనోళ్లు కోతల్రాజులనేవోరు టీచరమ్మా. ఒడియావోళ్లు 'గపుడి' అనేవోరు, కబుర్లపోగని."

బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి. నాగశ్రీ నవ్వాపుకుని, "రాయమంటారా బాబాయ్?" అంది.

ఇంతలో నిజంగానే బస్సొచ్చింది. గోవిందరాజులు సంచీ అందుకుని పరిగెత్తాడు. మెట్టు మీద కాలుపెట్టాక ఉండబట్టలేక వెనక్కి తిరిగి అరిచాడు:

"రెండూ రాయమ్మీ! ఆ పేర్లు నాకు నానే ఎట్టుకున్నానని కూడా రాయు!"