ఊపిరి కుదుటపడేదాకా

అమ్మలారా, అయ్యలారా, వెళ్ళిపోయిన మా టేపక్కను తలుచుకోవడానికి పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక మా బస్సు డిపో నుంచి బెంచీలు తెప్పించాం. అవీ చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డవాళ్ళున్నారు. బట్టలు కుట్టుకునే ఒక మనిషి కోసం ఇంతమంది వస్తారని ఎవరనుకున్నారు? ఆమె మాత్రం అనుకుని ఉండదు. ఈ జనాన్ని చూసి ఉంటే, ఇంకా ఎవరెవరికి బట్టలివ్వాలో గుర్తొచ్చి వెనక గుమ్మంలోంచి జారుకునేది.

నవ్వండి, పరవాలేదు. ఆమె భర్త, మన లెక్కల మాస్టారు కూడా నవ్వుతున్నారు. సోమవారం ఇస్తానన్న చొక్కా టేపక్క ఏనాడైనా సోమవారం ఇచ్చిందా? ఇవాళ నేను తొడుక్కున్నది ఆమె కుట్టిందే. మూడు వారాలు ఆలస్యంగా ఇచ్చింది. తొమ్మిదేళ్ళయింది, ఒక్క కుట్టు వదల్లేదు.

నేను మాటకారిని కాను, బస్సు డ్రైవర్ని. అయినా మాస్టారు నన్నే మాట్లాడమన్నారు. ఎందుకన్నారో నాకు తెలుసు. ఆమెకూ నాకూ, తర్వాత మాస్టారికీ తప్ప ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఇవాళ దాన్ని దాచుకుంటే నాకు మనశ్శాంతి ఉండదు.

టేపక్క నలభై ఆరో ఏట సైకిలు నేర్చుకుంది. వీధిలో తిరగడానికి కాదు, కొండ కనుమలు దాటడానికి! రెండు కొండల మధ్య దారి ఉందని ఎవరైనా అంటే చాలు, ఆదివారం బయల్దేరేది. ఆమె వెనకాల సైకిళ్ళ మీద మన ఆదివారం బృందం. రోడ్డున్నంత మేరా ఆమె సైకిలెక్కేది. రోడ్డు పోయి కాలిబాట వస్తే సైకిలు ఆమె భుజమెక్కేది. అలా పద్నాలుగు కనుమలు దాటింది. ఎక్కడికెళ్ళినా మెడలో కొలతల టేపు మాత్రం తీసేది కాదు, అదే ఆమె పేరైపోయింది. మాస్టారేమో మేడ మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషి. ఆయన ఒక్కసారీ వెంట వెళ్ళలేదు, ఒక్కసారీ వెళ్ళొద్దనలేదు.

ఆమెకో నియమం ఉండేది. కనుమ పైకి చేరగానే ఎవరూ మాట్లాడకూడదు. నీళ్ళ సీసా తీయకూడదు, ఫోటో తీయకూడదు. ఊరికే నిలబడాలి, ఊపిరి కుదుటపడేదాకా. ఎవరి ఊపిరి? అందరికంటే ఎక్కువ ఆయాసపడుతున్న మనిషి ఊపిరి. అది కుదుటపడ్డాక టేపక్క సైకిలు బెల్లు ఒక్కసారి మోగించేది. "రొప్పుతూ చూస్తే కొండ కనిపించదు, మన అలసటే కనిపిస్తుంది" అనేది. ఆ తర్వాత చూడాలి లోయని.

మన ఊరి పక్కన కనుమకు పంతొమ్మిది మలుపులు. దాని మీద ఇరవై రెండేళ్ళు బస్సు నడిపాను. లోయ ఎలా ఉంటుందో మాత్రం ఆ ఇరవై రెండేళ్ళూ నాకు తెలియదు. డ్రైవరు లోయలోకి చూస్తే, ప్రయాణికులు కూడా చూడాల్సొస్తుంది, మరీ దగ్గర్నుంచి! ప్రతి ఆదివారం మలుపులో ఈ సైకిలు అడ్డం వచ్చేది. నేను హారన్ గట్టిగా నొక్కేవాణ్ణి. ఒకరోజు కనుమ మీద బస్సాపి ఇంజనుకు నీళ్ళు పోస్తుంటే ఆమె దగ్గరికొచ్చి, "డ్రైవరు గారూ, మీ హారన్ భలేగా ఉంది. మలుపులో కాకుండా మలుపుకు ముందే కొట్టండి, పక్కకు తప్పుకుంటా" అంది. బస్సంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ రోజు నుంచి ముందే కొట్టాను.

ఇక అసలు సంగతి. ఒక వానాకాలం, దిగుతున్నప్పుడు పన్నెండో మలుపు దగ్గర నా బస్సుకు బ్రేకు పడలేదు. పెడలు నేల దాకా దిగిపోయింది. లోపల ముప్ఫై ఒక్కమంది. గేరు తగ్గించి, బస్సును కొండ గోడకు రాపాడించి ఆపాను. ఎవరికీ ఏమీ కాలేదు. నన్ను మెచ్చుకున్నారు, దండేశారు. ఆ మర్నాడు స్టీరింగ్ పట్టుకుంటే నా చేతులు నిలవలేదు. మోకాలి నొప్పి అని చెప్పి డిపోలో టికెట్ల కౌంటర్లో కూర్చున్నాను. పదకొండు నెలలు! ఇంటి దగ్గర మా ఆవిడకు కూడా అదే అబద్ధం. పాపం, రోజూ తైలం రాసేది.

అవును, మీకందరికీ తెలిసిన నా మోకాలి నొప్పి ఉత్తిదే. నాకు భయం. కొండను చూస్తే భయం.

ఎవరికి తెలుస్తుంది? టేపక్కకు తెలిసింది. నా బదులొచ్చిన డ్రైవరు మళ్ళీ మలుపులోనే హారన్ కొడుతున్నాడని ఫిర్యాదు చేయడానికి డిపోకొచ్చింది. కౌంటర్లో నన్ను చూసింది. కింద పడిన టికెట్ల కట్ట కోసం నేను వంగి లేచాను. ఆమె మెల్లగా, "ముప్ఫై ఏళ్ళుగా మనుషుల కొలతలు తీస్తున్నా. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు అలా లేవరు" అంది. ఆమె ఇంకేమీ అడగలేదు. "ఆదివారం రండి, మొదటి మలుపు దాకా నడుద్దాం" అని వెళ్ళిపోయింది.

వెళ్ళాను. ఆదివారానికొక మలుపు చొప్పున పెంచుకుంటూ పోయాం. బృందం సైకిళ్ళ మీద ముందుకెళ్ళిపోయేది, ఆమె మాత్రం నాతో నడిచేది. పన్నెండో వారం ఆ గోడ దగ్గరికొచ్చాం. రాతి మీద నా బస్సు రంగు పొడుగాటి గీతలా ఇంకా అంటుకునే ఉంది. రోడ్డు మీదే కూలబడ్డాను. ఓదారుస్తుందనుకున్నాను. ఆమె ఏం చేసిందో తెలుసా? మెడలోంచి టేపు తీసింది. ఆ గీతను కొలవడం మొదలుపెట్టింది! టేపు అయిదడుగులే కదా, జరుపుకుంటూ, వేలితో గుర్తు పెట్టుకుంటూ, ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలిచింది.

అప్పుడు మొదటిసారి నన్ను తమ్ముడూ అంది. "ఇరవై ఆరు అడుగులు, తమ్ముడూ. ఎక్కడా వంకర పోలేదు. వణికే చేత్తో ఇంత తిన్నగా ఎవరూ కుట్టలేరు. వణుకు తర్వాతొచ్చింది, పని ముందే అయిపోయింది" అంది.

మిత్రులారా, దండ వేసినప్పుడు ఏడవలేదు నేను. అక్కడ, ఆ గోడ దగ్గర ఏడ్చాను. ఆమె పక్కన కూర్చుని టేపు చుట్టుకుంది.

పంతొమ్మిదో ఆదివారం కనుమ మీద నిలబడ్డాను. అందరికంటే ఎక్కువ ఆయాసపడుతున్నవాణ్ణి నేనే. అంతమందీ నా ఊపిరి కోసం ఆగారు. ఎవరూ విసుక్కోలేదు. బెల్లు మోగింది. తలెత్తాను. కింద మబ్బులు, మబ్బుల సందుల్లో వంకర్లు తిరిగిన ఏరు, అగ్గిపెట్టెలంత ఇళ్ళు. ఇరవై రెండేళ్ళు నా పక్కనే ఉంది అదంతా! మరుసటి నెలలో మళ్ళీ బస్సెక్కాను.

పోయిన నెల ఆమె కబురు పెట్టింది. సైకిలెక్కే ఓపిక లేదు, బస్సులో తీసుకెళ్ళమంది. ఉదయం మొదటి ట్రిప్పు. మాస్టారు కూడా వచ్చారు, జీవితంలో మొదటిసారి. ప్రతి మలుపుకు ముందే హారన్ కొట్టాను. కొట్టినప్పుడల్లా అద్దంలో ఆమె నవ్వు కనిపించేది. పైన బస్సాపాను. మాస్టారి భుజం పట్టుకుని దిగింది. ప్రయాణికులూ దిగారు. ఆ రోజు అందరికంటే ఎక్కువ ఆయాసం ఆమెదే. చాలాసేపు పట్టింది. టైమెంతయిందని ఒక్కరూ అడగలేదు. కుదుటపడ్డాక, సైకిలు నుంచి విప్పి తెచ్చుకున్న బెల్లు సంచీలోంచి తీసి తనే మోగించింది. లోయంతా తృప్తిగా చూసుకుని, "బాగుంది. ఇక దిగుదాం" అంది.

అంతే. ఆమెకు కొరతేమీ లేదు. కొరత మనకే.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. ఇన్ని నిమిషాలని నేను చెప్పను, గడియారం చూడను. ఆ బెల్లు మాస్టారి చేతిలో ఉంది. ఇవాళ ఈ గదిలో అందరికంటే ఎక్కువ ఆయాసపడుతున్నది ఆయనే. మాస్టారూ, మీ ఊపిరి కుదుటపడ్డాకే మోగించండి. తొందరేమీ లేదు. అందాకా మేమంతా ఇక్కడే నిలబడి ఉంటాం.