అమ్మణ్ణి ఆకులోకి

“అది కాదు నాన్నా. అమ్మకేటిష్టమో సెప్పు.”

అనకాపల్లి బెల్లం మార్కెట్ పక్కన దేముడు నడిపే ఆమ్లెట్ల బండి మూతపడి పది రోజులైంది. తెల్లారితే అతని భార్య అమ్మణ్ణి పెద్దకర్మ. పోయిన మనిషికి ఇష్టమైనది ఆకులో పెట్టాలి, కాకి వచ్చి ముట్టాలి. కూతురు నాగజ్యోతి పొద్దున్నుంచీ అదే అడుగుతోంది.

“సిన్నకర్మ నాడు కోడికూర ఎట్టేం. కాకి సూసి ఎలిపోయింది. అమ్మకేదో కోరిక మిగిలిపోయిందని అత్త అంది, ఇన్నావు గదా.”

“గుడ్డే ఎడదాం. ఇరవయ్యేళ్ళు బండి కాడ నిలబడ్డ మనిషి, ఇంకేటెడతాం?”

“ఏ గుడ్డు?”

“మనకాడ నాలుగు రకాలు గదేటి. సొన పైకుంటే కన్ను. తిరగేత్తే ముసుగు. సితక్కొడితే పొరుటు. ఉల్లిపాయలేసి మడిసేత్తే మడత. పొరుటు తప్ప పేర్లన్నీ మీయమ్మే ఎట్టింది. మూటలు మోసీ కలాసీలు ఆమ్లెట్ అనడమే మానీసేరు. ‘రెండు ముసుగు’ అని అది కేకేత్తే నాను పెనం మీంచి తలెత్తీవోడిని కాదు.”

“నాన్నా.”

“తాతబ్బాయికి కన్ను, మిరియాలెక్కువుండాల. చంద్రమౌళి గారిది ముసుగు, శనివారం ముట్టరు. సన్యాసిరావు మామకి పొరుటే, పళ్ళు లేవు గదా...”

“ఊరందరివీ సెప్పేవు. అమ్మది?”

“మడత.”

“తింటంటే సూసేవా?”

“అది తినీ యేళకి నానుండీవోడినా?”

“ఎక్కడుండీవోడివి?”

“తెలిసీ అడుగుతావేటి.”

దేముడు బండి మీది టార్పాలిన్ తాడు విప్పడం మొదలుపెట్టాడు. రేపు పొద్దున్నే నాలుగు రకాలూ వేస్తానన్నాడు. ఏది కావాలో అదే ముట్టుకుంటుందన్నాడు.

“వొద్దు నాన్నా. ఏదేసినా ముట్టదు.”

“ఏం? నా సేతిది పనికిరాదా?”

“అమ్మ గుడ్డు తిని ఏడేళ్ళయింది. నువ్వు మందు మానీదాకా తిననని నూకాలమ్మకి మొక్కుకుంది.”

“నాకు సెప్పలేదే.”

“సెప్తే తాగొచ్చి, తినమని గొడవ సేత్తావంది. నన్నూ సెప్పొద్దంది.”

సగం విప్పిన తాడుని దేముడు పూర్తిగా లాగేశాడు.

“మానీసేను గదమ్మా. దాన్ని కాటికి తీసుకెళ్ళిన కాడ్నుంచి సుక్క ముట్టలేదు. ఇప్పుడు తింటాదా?”