పండుగనాడు దించిన తాడు

ఎవారిస్తో గొంతు సవరించుకున్నాడంటే చాలు, ఓర్నెల్లా గుండెల్లో రాయి పడేది. ఆయన ఆమెకి బావగారు, పోయిన భర్తకి అన్న. ఒకప్పుడు ప్రయాణికుల పడవలో తాళ్లు విసిరే ఉద్యోగం చేశాడు. ఇప్పుడు రెజ్జోలా రేవు పక్కనున్న ఆమె కాఫీ కొట్లో, కిటికీ దగ్గరి బల్లని సొంతం చేసుకుని కోతలు కోయడమే ఉద్యోగం. కొట్టు మీద సరస్సు వైపు కిటికీలున్న రెండు గదులున్నాయి. అవి అద్దెకి పోతేనే కొట్టు నిలుస్తుంది. ఆగస్టులో బెర్గామో నుంచి వచ్చిన ఒక కుటుంబం, ఈయన చెప్పిన పాముచేప కథకి పిల్లలు జడుసుకుంటే, ఉన్నపళంగా పెట్టెలు సర్దుకుని పోయింది. ఈ చలికాలం కూడా గదులు ఖాళీగా ఉంటే తాళం వేసేసి, మిలాన్‌లో చెల్లెలి ఇంట్లో ఒక మూల పడి ఉండటమే ఓర్నెల్లా గతి.

అది ఆత్మల పండుగ రోజు. పొద్దున్నే లేచి పైగదుల్లో పక్కలు వేసింది, ఉతికిన దుప్పట్లు పరిచింది, మంచినీళ్ల కూజా పెట్టింది. ఆ రోజు ఊళ్లో ప్రతి ఇంట్లోనూ అంతే, పోయినవాళ్లు వచ్చి కాసేపు నడుం వాలుస్తారని. మధ్యాహ్నానికి పొగమంచు సరస్సుని పూర్తిగా మింగేసి కొట్టు మెట్ల దాకా వచ్చింది. ఇవాళ ఇంకెవరొస్తారులే అనుకుంటుండగా ఒక జంట లోపలికొచ్చింది.

ఇద్దరూ నడివయసువాళ్లు. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న బూడిదరంగు స్వెట్టర్లు. బూట్లు గుమ్మం బయటే విప్పి వచ్చారు. అలా ఎవరూ విప్పరు గానీ, నేల కడుక్కునే మనిషికి ఆ మర్యాద ఎంత ముచ్చటేస్తుందో వేరే చెప్పాలా! ఓర్నెల్లా వాళ్లకి కాఫీ పెట్టింది.

"ఇక్కడ కొన్నాళ్లు సెలవులు గడుపుదామని మా ఆశమ్మా," అంది ఆవిడ. "ఎప్పుడొస్తే బాగుంటుంది, ఎక్కడ దిగాలి, ఏం తినాలి... ఇవన్నీ ఇక్కడివాళ్లని అడిగితేనే కదా తెలిసేది!"

ఓర్నెల్లా నోరు తెరిచేలోపే ఎవారిస్తో కుర్చీ బరబరా లాక్కుని వాళ్ల బల్ల దగ్గరికి చేరాడు.

"సరైన మనిషినే అడిగారమ్మగారూ! ముందుగా, కారు తేకండి. ఒడ్డు రోడ్డు ఇరుకు, ఎదురుగా బస్సొస్తే పక్క ఊరిదాకా వెనక్కి నడపాలి. పడవలో రండి, ఎడమ పక్క కూర్చోండి, తోటలన్నీ అటే. పొద్దున తివానో గాలి కొండల మీంచి దిగుతుంది, మధ్యాహ్నం బ్రేవా గాలి కింద నుంచి ఎక్కుతుంది, ఈ రెండింటికీ మధ్య నీళ్లు అద్దంలా ఉన్నప్పుడే ఈతకి దిగాలి. చేపలు సోమవారం అడగొద్దు, ఆదివారంవే వేడి చేసి పెడతారు. ఓర్నెల్లా కాదులెండి, పక్క కొట్టువాడు. ఎండు చేప మాత్రం ఎప్పుడైనా తినొచ్చు, నిప్పుల మీద కాల్చి, వెనిగర్ చల్లి, మన మొక్కజొన్న సంకటి, అదే పోలెంతాతో. ఎండాకాలమైనా స్వెట్టర్ తెచ్చుకోండి. అదుగో, మీకు ముందే తెలిసినట్టుందే!"

"మాకు ఎప్పుడూ చలేనండీ," అన్నాడు వచ్చినాయన.

ఇవన్నీ పనికొచ్చే మాటలే. ఓర్నెల్లా ఊపిరి పీల్చుకుంది. ఇక్కడే ఆగిపోతే బాగుండునని గ్లాసుడు వైన్ తెచ్చి బావగారి ముందు పెట్టింది. నోటికి ఏదో ఒక పని ఉండాలి కదా!

"మరి ఇవాళ సరస్సులోకి పడవలు వెళ్తాయా?" అనడిగాడు వచ్చినాయన.

మూల కూర్చుని వల కుట్టుకుంటున్న ముసలి ఫెర్మో సూది ఆపి సిలువ గుర్తు వేసుకున్నాడు. "ఇవాళా? ఆత్మల పండుగనాడు ఈ సరస్సులో ఎవడూ పడవ దించడు బాబూ. వలలో ఏం పడుతుందో ఎవరికి తెలుసు?"

"నేను దించాను," అన్నాడు ఎవారిస్తో.

ఓర్నెల్లా బల్ల కింద ఆయన కాలు తొక్కింది. ఆయన కాలు వెనక్కి తీసుకుని మరింత స్థిమితంగా కూర్చున్నాడు.

"ఇరవయ్యేళ్ల కుర్రాణ్ని అప్పుడు. ఊరంతా సమాధుల దగ్గర పువ్వులు పెడుతుంటే నేనొక్కణ్నీ తెడ్లు పట్టుకుని సరస్సు నడిమధ్యకి పోయాను. ఇలాగే పొగమంచు, చెయ్యి చాపితే చెయ్యి కనపడదు, నా తెడ్డు చప్పుడు నాకే వినపడదు. సరే, కాసేపు గాలం వేద్దామని లంగరు రాయి దించాను. తాడు పోతోంది... పోతోంది... అయిపోయింది! రాయి ఇంకా అడుక్కి తగల్లేదు. నేను ఊరుకునే రకమా? ఆ కొస పళ్లతో కరిచి పట్టుకుని ఒడ్డుకి తెడ్లు వేసుకుంటూ వచ్చి, ఈ ఫెర్మో వాళ్ల నాన్న తాళ్లు, ఊళ్లో బట్టలారేసే తాళ్లు, ఆఖరికి చర్చి గంట తాడు కూడా తెచ్చి ముడేశాను."

"పళ్లతోనా?" అన్నాడు ఫెర్మో.

"అప్పుడు నాకు పళ్లుండేవిరా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తాడు ఆగింది. ఆగి, కింద నుంచి ఎవరో మెల్లగా లాగారు. చేప లాగినట్టు కాదమ్మగారూ. తలుపు దగ్గర గంట తాడు లాగుతారే, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని, అలా. మర్యాదగా."

గాలి లేదు, అయినా రేవు రాళ్లకి నీళ్లు తగులుతున్న చప్పుడు వినపడుతోంది. ఓర్నెల్లా ఆ జంట ముఖాల్లోకి చూసింది. ఆగస్టులో బెర్గామోవాళ్లైతే కథ ఇంత దూరం రాకముందే లేచి నిలబడ్డారు. వీళ్లు మాత్రం ముందుకి వంగి వింటున్నారు. కాఫీ ముట్టుకోలేదు. ఆవిడ పెదవుల మీద చిన్న నవ్వు, తెలిసిన ఊరి సంగతి ఎవరో చెబుతుంటే వచ్చే నవ్వు.

"మరి మీరేం చేశారు?" అంది ఆవిడ.

"ఇంకొకడైతే పారిపోయేవాడు. నేను లాగి చూశాను. లంగరు రాయి పైకొచ్చింది, ఎండలో పెట్టినట్టు పొడిగా! ఒక్క చుక్క తడి లేదు. ఇదేదో చూడాల్సిందేనని నోట్లో చుట్ట పెట్టుకుని తాడు పట్టుకుని దిగాను. దిగుతున్నాను, దిగుతున్నాను, చేపలు పక్కకి తప్పుకుంటున్నాయి, చెవుల్లో చర్చి పాటలు. అడుగున ఏముందనుకున్నారు? రెజ్జోలా! అచ్చు మన ఊరే. ఇదే వీధి, ఇదే రేవు, ఇదే కొట్టు. బట్టలు తాళ్ల మీంచి కిందికి కాదు, పైకి వేలాడుతున్నాయి. బల్లల దగ్గర మునిగిపోయినవాళ్లంతా కూర్చున్నారు, ఎన్ని తరాలవాళ్లో. అందరి ముందూ గ్లాసులు. ఒక్కళ్లూ తాగడం లేదు."

"బావగారూ, వాళ్లకి గదులు చూపించాలి," అంది ఓర్నెల్లా. వచ్చినాయన కుర్చీ కింద నేల మీద సన్నగా నీళ్ల చారిక కనపడింది ఆమెకి. బూట్లు విప్పి వచ్చాడే, ఈ నీళ్లెక్కడివి అనుకుంది.

"చూపిద్దువుగాని ఉండమ్మా, అసలుది ఇప్పుడే వస్తోంది. నన్ను చూడగానే అందరూ చుట్టుముట్టారు. ఎందుకు? తినేయడానికా? కాదు! పైకి సెలవులకి రావాలట వాళ్లకి. అయ్యా, ఎండ తక్కువ ఏ నెలలో? ఎక్కడ దిగాలి? కుక్కలు మొరుగుతాయా? ఒకటే అడగడం! నేను వాళ్ల పెద్దమనిషి పక్కన కూర్చుని అన్నీ విడమరిచి చెప్పాను. నవంబర్లో రండి, పొగమంచులో మిమ్మల్నెవరూ పట్టించుకోరు. మెడ దాకా కప్పుకోండి. వేడివేమీ నోట్లో పెట్టకండి. తడి బూట్లు గుమ్మం బయటే..."

ఎవారిస్తో ఆగాడు. కోత కోస్తూ మధ్యలో ఆగిపోవడం ఆయన జన్మలో లేదు. ఆయన కళ్లు గుమ్మం వైపు పోయి, స్వెట్టర్ల మీదికి, ఆవిరి లేని కాఫీ కప్పుల మీదికి వచ్చాయి. కానీ కోతలరాయుడి నోరు భయానికి కూడా ఒకంతట లొంగదు. మళ్లీ సాగింది, కాస్త సన్నగా.

"అంతా విని, నన్ను ఊరికి మేయర్‌గా ఉండిపొమ్మన్నారు. పోలెంతా చల్లగా ఉంది, నావల్ల కాదన్నాను. గుర్తుగా నా టోపీ ఆ పెద్దమనిషికి బహుమతిచ్చి పైకెక్కి వచ్చాను. చుట్ట ఇంకా కాలుతూనే ఉంది!"

"నీళ్లలోనా?" అన్నాడు ఫెర్మో. ఈసారి ఆ మాటలో వెటకారం లేదు.

"నువ్వు దిగలేదు, ఎవారిస్తో," అన్నాడు వచ్చినాయన.

ఇందాకటి 'మీరు', 'అండీ' ఏమీ లేవు. కోపంగానూ లేదు. పొరపాటు దిద్దుతున్నట్టుంది.

"తాడొక్కటే వచ్చింది. అదీ పొట్టిదే, నేనే పైకొచ్చి చెయ్యి చాచి అందుకున్నాను. గంట తాడూ లేదు, గింట తాడూ లేదు. మెల్లగా ఒక్కసారి లాగానో లేదో, 'అమ్మా' అని గావుకేక పెట్టి, తాడు కోసేసి తెడ్లందుకున్నావు. ఒడ్డు చేరేదాకా ఏడుపు వినపడుతూనే ఉంది మాకు."

ఆవిడ సంచిలోంచి ఒక ఉన్ని టోపీ తీసి బల్ల మీద పెట్టింది. పొడిగా ఉంది. లోపలి అంచున ఎర్ర దారంతో ఎవారిస్తో పేరు కుట్టి ఉంది. ఆ కుట్టు తన అత్తగారిదని, ఎవారిస్తో తల్లిదని, ఓర్నెల్లా చూడగానే పోల్చుకుంది.

"ఇది బహుమతేం కాదు నాయనా, తల మీంచి జారిపడింది," అంది ఆవిడ. "నిన్ను తప్పుబట్టడానికి రాలేదులే. ఆ రోజే అడుగుదామనుకున్నాం, ఎప్పుడు రావచ్చు, ఎక్కడ దిగాలి అని. నువ్వు నిలబడలేదు. ఎవరో ఒకరు వస్తారని ఏటా ఈ రోజు కనిపెట్టుకుని ఉన్నాం. ఒక్కడూ పడవ దించడు. ఇక మేమే రావాల్సి వచ్చింది."

ఫెర్మో వల వదిలేసి తలుపు దాకా పోయి, అక్కడే నిలబడిపోయాడు. వాన పడలేదు, మెట్టు పొడిగానే ఉంది. బూట్లు మాత్రం అంచుల దాకా నీళ్లతో నిండి ఉన్నాయి. వాటిని దాటుకుపోయే ధైర్యం ఆయనకి లేకపోయింది.

ఓర్నెల్లాకి భయం వేసింది. గల్లా బల్ల పట్టుకుని నిలబడింది. కానీ ఖాళీ గదుల భయం ఈ భయం కంటే పాతది. ఎన్ని నెలలుగానో అది రోజూ ఆమె పక్కనే పడుకుని లేస్తోంది.

"ఎన్నాళ్లుంటారు?" అనడిగింది.

"చలికాలమంతా," అంది ఆవిడ. "నీ గదులు మాకు తెలుసమ్మా. ఏటా ఈ పండుగకి చక్కగా పక్కలు వేస్తావు, కూజాలో నీళ్లు పోస్తావు. మేం కింద నుంచి నీ కిటికీలో దీపం చూస్తూనే ఉంటాం. ఇంత మర్యాద చేసి, చివర్న తలుపు గడియ వేసుకుని పడుకుంటావు. మీ ఊరంతా అంతే. రమ్మని పక్కలు వేసేదీ మీరే, గడియ వేసేదీ మీరే!"

ఓర్నెల్లాకి సిగ్గేసింది. నిజమే కదా! వాళ్లమ్మా అంతే, అత్తగారూ అంతే. గడియ ఎందుకు వేస్తున్నామని ఒక్కరూ అనుకోలేదు. ఆమె వెనక్కి తిరిగి మేకుకి తగిలించిన తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో తగిలాక గానీ తెలియలేదు.

"రెండో గది కూడా ఖాళీయేనా?" అనడిగాడు వచ్చినాయన, కిటికీ బయట పొగమంచు వైపు చూస్తూ.

ఆమె జవాబు చెప్పేలోపే బయట మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఎవరో వంగి బూట్లు విప్పుకుంటున్నారు. వాళ్ల వెనక ఇంకెవరో. ఆ వెనక, రేవు దాకా, తడి బూట్లు రాళ్ల మీద ఒక్కొక్కటే ఆనుతున్న చప్పుడు. తొందరేం లేదు, తోపులాట లేదు.

ఎవారిస్తో టోపీని రెండు చేతులతో పట్టుకుని, లోపలి అంచున తన పేరు తడిమి చూసుకున్నాడు.

ఓర్నెల్లా బల్లలు తుడిచే బట్ట భుజాన వేసుకుని తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

"లేవండి బావగారూ," అంది. "ఆ బల్ల కావాలి."