ఏరుమద్ది దుంగలో నీలం రిబ్బను

నూకరాజు ఉన్నాడు చూశారూ, రేవు గట్టు మీద రేకులిల్లు, వాకిట్లో ఎప్పుడూ రంపంపొట్టు, ఆయనే. ఆయనకి మొదట్నించీ మాట తక్కువ. మిషన్ రంపం కొన్నాక ఆ కాస్తా మానేశాడనుకోండి. మాట్లాడాల్సిందంతా అదే మాట్లాడేస్తుంది. పొద్దున్నే దాన్ని లేపితే అవతలి గట్టున గేదెలు పాలివ్వడం మానేస్తాయంట. అంతకుముందు చేత్తో కోసే రోజుల్లో పెద్ద రంపం ఉండేది, దుంగ మీద ఒకళ్ళు నిలబడాలి, కింద గోతిలో ఒకళ్ళు నిలబడాలి. పైన ఆయన, గోతిలో ఆయన పెళ్ళాం సోములమ్మ. పొట్టంతా ఆవిడ కళ్ళల్లోనే రాలేది. ఆడది రంపం లాగడమేంటని ఊరంతా నవ్వాం. నవ్వుకుంటూనే మన తలుపులన్నీ ఆవిడ లాగిన పలకలతోనే చేయించుకున్నాం. ఏరా సింహాద్రీ, నీ వీధి తలుపు ఎవరు కోశారు? చెప్పు, ఈయన రాసుకుంటున్నారు. చెప్పడు. సరే, వదిలెయ్యండి.

వాళ్ళకి ముత్యాలని ఒక్కతే పిల్ల. ఆరేళ్ళది. ఏమైందంటే, పన్నెండేళ్ళ కిందట గోదారి పొంగినప్పుడు పిల్లకి జొరం వచ్చింది. ఆసుపత్రి ఏటవతల. పడవ వెయ్యమని సోములమ్మ రెండు రోజులు సరంగు ఇంటి ముందు కూచుంది. మూడో రోజు నీళ్ళు తీశాయి, పడవ వేశారు, అప్పటికి అవసరం లేకపోయింది. అదీ సంగతి. పిల్ల పోతే ఆవిడ ఏడవలేదంట. అంట ఏమిటి, నేను చూశాను, ఏడవలేదు. పిల్ల జడకి కట్టే నీలం రిబ్బను తన జుట్టుకి కట్టుకుని రోజూ మధ్యాన్నం రేవులోకెళ్ళి కూచునేది. పడవ గట్టుకి తగిలినప్పుడల్లా, ముత్యాలు వచ్చిందా అనేది. సరంగు మొదట్లో రాలేదమ్మా అనేవాడు. తర్వాత తర్వాత అటు చూడ్డం మానేశాడు. ఆవిడ అత్తగారు అప్పటికి బతికే ఉంది. ఇది నా కోడలు కాదు, దీన్నేదో రేవులో పట్టింది అనేసింది ఆవిడ. ఆవిడ అంటే ఇక ఊరు ఊరుకుంటుందా? పది మందీ కలిసి సోములమ్మని ఏటికి ఎగువనున్న పైరేవుకి తీసుకెళ్ళారు. అక్కడ దయ్యాల్ని చెట్టుకి నాటే మంత్రగాడు ఉండేవాడు. ఇప్పుడు లేడు, పోయాడు. పోయాక ఆయన ఎవర్ని పట్టాడో తెలీదు. ఆయన ఏం చేసేవాడంటే, మనిషిని చెట్టుకి ఆనించి, జుట్టు పాయ ఒకటి తీసి మానుకి పెట్టి, జానెడు మేకు దిగ్గొట్టేవాడు. కొట్టాక మనిషి పక్కన పాయ కోసేసేవాడు. మనిషి ఇవతలికి, దయ్యం చెట్టుకి. మేకు ఉన్నన్నాళ్ళూ దయ్యం చెట్టులోనే ఉంటుంది, మేకు కదిలితే మళ్ళీ దాని మనిషి మీదకే వస్తుంది. ఇదీ ఆయన చెప్పిన లెక్క. సోములమ్మకి రిబ్బను కట్టుకున్న పాయనే పెట్టి కొట్టాడు. భుజాలు ఇద్దరు పట్టుకున్నారు, కాళ్ళు నూకరాజు పట్టుకున్నాడు, జుట్టు ఒకళ్ళు పట్టుకున్నారు.

అక్కణ్ణించి ఆవిడ రేవులో కూచోవడం మానేసింది. చూశారా, దిగిపోయింది అన్నారు. దిగిపోతే మంచిదే కదండీ. అయినా ఒక్కళ్ళూ ఆవిడ చేతికి చంటిపిల్లని ఇవ్వలేదు. దయ్యం చెట్టులో ఉంది సరే, చెట్టు ఎన్నాళ్ళుంటుందో ఎవరికి తెలుసు అని. కాంతం మనవరాలి బారసాలకి పిలుపైతే పిలిచారు, గుమ్మం అవతలే చేతిలో శనగలు పోసి పంపించారు. ఏమే కాంతం, అటు తిరుగుతావేం? శనగలు బానే ఉన్నాయంది సోములమ్మ. కొంచెం ఉప్పెక్కువైందంట, అంతే.

ఇక దుంగ సంగతి. కిందటేటికి ముందు ఏడాది వరదకి మన్నెంలోంచి ఎన్ని దుంగలు కొట్టుకొచ్చాయో మీరూ చూశారు. మన రేవులో పద్ధతి తెలుసు కదా, వచ్చే దుంగకి ముందు ఎవరు గుడ్డపీలిక కడితే అది వాళ్ళది. కట్టాక అది ఎక్కడ గట్టుకి పట్టినా ఇంకొకళ్ళు ముట్టరు. రాత్రికి రాత్రి పొలం గట్లు జరిపేవాళ్ళు కూడా ఆ పీలిక జోలికి పోరు. పేర్లెందుకులెండి, ఇక్కడే కూచున్నారు. ఆ రోజు పెద్ద మాను వచ్చింది. బెరడంతా ఒలిచేసుకుపోయి, కొమ్మలన్నీ విరిగి, నున్నగా, గేదె వీపులా ఉంది. ఎవరూ దిగడానికి ధైర్యం చెయ్యలేదు. సోములమ్మ మొలలోతు నీళ్ళలోకి దిగి, చీర చెంగు చింపి, దాని మొదట్లో కట్టేసింది. నూకరాజు తాడేశాడు. పది మంది పట్టి లాగారు. ఏరుమద్ది. ముదురుది. ఏ ఊరి గట్టు కోసుకుపోతే వచ్చిందో ఎవరూ అడగలేదు. కొట్టుకొచ్చినదాన్ని ఊరు అడుగుతామా?

ఆవిడ అంత సాహసం ఎందుకు చేసిందంటే, వరాలు కోసం. వరాలంటే ఆవిడ తమ్ముడి కూతురు. పిల్లకి తల్లి లేదు, తండ్రి ఇటుక బట్టీల వెంట తిరుగుతాడు. తొలి కానుపు పుట్టింట్లో జరగాలి కదా, మేనత్త ఇల్లే పుట్టిల్లనుకుని ఏడో నెలలో వచ్చేసింది. అత్తారిది పొరుగూరు, వాళ్ళకి మేకు సంగతి తెలీదు. సోములమ్మ ఎలా ఉండేదనుకున్నారు అప్పుడు! పదేళ్ళలో నవ్వనిదంతా ఆ రెండు నెలల్లో నవ్వింది. నాతో అంది, వదినా, ఈ మద్దితో ఉయ్యాల చేయిస్తాను, నా చేత్తో ఊపుతాను, ఎవరొచ్చి కాదంటారో చూస్తాను అంది. నేనేమన్నానంటే, మద్ది బరువే, దూలం తట్టుకుంటుందో లేదో చూసుకో అన్నాను. మంచిమాటే కదా.

దుంగ నెల్లాళ్ళు ఆరాక కోత మొదలెట్టారు. నూకరాజు మిషన్ పడతాడు, సోములమ్మ గీత కొడుతుంది. మసినీళ్ళలో ముంచిన నూలు దుంగ ఈ కొసనించి ఆ కొసకి బిగించి, మధ్యలో పైకి లాగి వదిలితే నల్లటి గీత పడుతుంది, ఆ గీత మీద మిషన్ నడవాలి. ఆవిడ కొట్టిన గీత ఎప్పుడూ వంకర పోలేదు. కొసవైపునించి కోసుకొచ్చారు. సన్నవి, వంకరవి కట్టెలకి, నడిమి భాగం పలకలకి. ఊరంతా అక్కడే. నాకు రెండు మోపులు, నాకు మూడు మోపులు, మా గొడ్లసావిడికి నాలుగు పలకలు అని. మంచి పలకలు నాలుగు పక్కన పెట్టి నూకరాజు ఉయ్యాల తొట్టి చేశాడు. ఆయన చేతిలో పని ఉంది, కాదనకూడదు. వరాలు దాని అంచు మీద చెయ్యి వేసి, మామయ్యా ఒక్క పేడు కూడా గుచ్చుకోవట్లేదు అంటే ఆయన నవ్వాడంట. నూకరాజు నవ్వడం చూసినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే. రెండోవాడు సరంగు, వాడికి తాగితే అన్నీ కనిపిస్తాయి.

మూడో రోజు మొదలు భాగం మిగిలింది. సోములమ్మ గీత కొట్టబోతూ ఆగింది. ఇక్కడ చెక్క నల్లగా మచ్చ కట్టింది, లోపల ఇనుమున్నట్టుంది, మిషన్ పెట్టకు, గొడ్డలితో చీల్చి చూద్దాం అంది. గోతిలో పదేళ్ళు నిలబడ్డ మనిషి, ఆ మచ్చ ఆవిడకి తెలియదా? నూకరాజు, అది బురద మచ్చ అన్నాడు. చుట్టూ పది మంది నిలబడి చూస్తుంటే పెళ్ళాం చెప్పిందని మిషన్ ఆపితే ఇంకేమన్నా ఉందా? పెట్టాడు. నాలుగు వేళ్ళు దిగిందో లేదో నిప్పురవ్వలు లేచాయి, మిషన్‌కుండే పళ్ళ గొలుసు తెగి ఆయన చెవి పక్కనించి పోయి పాకలో గుచ్చుకుంది. అందరం బతికాం. అప్పుడు గొడ్డలి తెచ్చి చీల్చారు. చీలిస్తే లోపల జానెడు మేకు. మేకు చుట్టూ బొగ్గులా నల్లటి చెక్క. మేకుకింద నలిగిన జుట్టు పాయ, దానికి నీలం రిబ్బను. చెట్టు దాన్నంతా లోపలికి మింగేసుకుని, పైన చెక్క కట్టుకుని ఊరుకుంది. రంగు కొంచెం వెలిసింది, అంతే. నైలాను కదా.

తర్వాత సింహాద్రే అనుకుంటా, అయ్యబాబోయ్ పైరేవు చెట్టు అన్నాడు. అంతే, ఇక చూడండి. ఎవరింటికి వాళ్ళు పరుగు. ఎందుకు? కట్టెలు తేవడానికి. పొయ్యిలో సగం కాలినవి కూడా నీళ్ళు పోసి ఆర్పి తెచ్చారు. దయ్యం మోపుల కింద విడిపోయి ఇంటికి ఇంత వచ్చిందని భయం. కాంతం అయితే ఆ కట్టెలతో వండిన పప్పు కూడా గిన్నెతో తెచ్చి వాకిట్లో పారబోసింది. పప్పులో దయ్యం. సోములమ్మ వాకిట్లో కట్టెలు, పలకలు కలిసి చూరందుకున్నాయి. తేవడం అయ్యాక సింహాద్రి అందుకున్నాడు. మేకు కదిలింది, ఇక అది మళ్ళీ ఈవిడ మీదకే, ఇంట్లో చూస్తే నిండు చూలాలు, ఇంకో చెట్టు చూసి మళ్ళీ నాటించెయ్యాలి, రిబ్బను ఇలా తే అన్నాడు. సోములమ్మ వినపడనట్టు కూచుని రిబ్బన్ని నీళ్ళలో జాడించి, మోకాలి మీద పెట్టి, వేలితో మడతలు సాపు చేస్తోంది. ఇది ముత్యాలుది, ఇవ్వను అంది. ఇవ్వను అంటే ఎలా, ఏమయ్యా నూకరాజూ, నువ్వు చెప్పు అన్నారు అందరూ. ఆవిడ కూడా తలెత్తి, చెప్పు, నువ్వే చెప్పు అంది. ఆయన తెగిన గొలుసు చేతిలో పెట్టుకుని ఒక్కొక్క పన్నూ చూసుకుంటున్నాడు. ఎంతసేపు చూశాడో. ఎన్ని పళ్ళుంటాయండీ దానికి! ఆవిడ లేచి, అప్పుడు నా కాళ్ళు పట్టుకున్నావు, ఇప్పుడు నోరు పట్టుకున్నావు, చాల్లే అని లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ మాతో, కట్టెలు కొంచెం ఎండ తగిలేలా పేర్చి పోండి, ఏడాది పొయ్యికి సరిపోతాయి అంది. పేర్చాం కూడా.

మర్నాడు పొద్దున్నే వరాలు అత్తగారు అచ్చియ్యమ్మ ఆటో వేసుకుని దిగింది. ఆవిడకి ఎవరు చెప్పారంటే, నేనే చెప్పానని ఊళ్ళో అంటారు. నేను ఫోన్ చేసి, బాగున్నావా అచ్చియ్యమ్మా అన్నాను. ఆవిడే, మీ ఊళ్ళో ఏంటి విశేషాలు అంది. అడిగాక చెప్పకపోతే బాగుంటుందా? ఆవిడ లోపలికి కూడా రాలేదు. వీధిలో నిలబడి, వదినగారూ, మీ మీద నాకేం లేదు, పిల్లని పంపించండి అంది. వరాలు ఉయ్యాల తొట్టి పట్టుకుని, నేను రాను, నాకు మా అత్త చెయ్యాలి అని ఏడుపు. సోములమ్మే ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. వెళ్ళమ్మా, ఇక్కడ కన్నావంటే బిడ్డకి కూడా దయ్యం పేరే పెడతారు అంది. బట్టలు సర్ది, వాము పొడి డబ్బా పెట్టి, ఆటోలో కూచోబెట్టింది. చివర్లో, వదినగారూ, ఈ ఉయ్యాలన్నా పట్టుకెళ్ళండి, కొత్తది అంది. అచ్చియ్యమ్మ దాని వంక చూసి, ఆ చెట్టుదే కదండీ అంది. ఆటో వెళ్ళిపోయింది.

వరాలుకి ఆడపిల్ల పుట్టింది. సోములమ్మ చూడ్డానికి వెళ్తే కిటికీలోంచి చూపించారంట. బాగుందంట, ముక్కు వాళ్ళ వైపుదంట. ఉయ్యాల ఇప్పటికీ సోములమ్మ వాళ్ళ వసారాలో వేలాడుతోంది, కొక్కేనికి ఆ నీలం రిబ్బను కట్టి ఉంటుంది, అందులో కోడి గుడ్లు పెడుతుంది. నూకరాజు కొత్త గొలుసు వేయించుకున్నాడు. సోములమ్మ మటుకు మళ్ళీ గీత కొట్టలేదు. నూలు తెచ్చి ఆయన ముందు పడేసింది, కొట్టుకో అని. ఒక్కడు కొడితే అవతలి కొస ఎవరు పడతారు? అందుకే ఇప్పుడాయన కోసిన పలక ఒక వైపు బొటనవేలంత, ఒక వైపు చిటికెన వేలంత. సింహాద్రి పెరటి తలుపు చూడండి, వేసిన రోజునించీ మూసుకోదు. దయ్యం పట్టిందంటాడు వాడు.

ఇక నా రెండు మోపులు. అందరూ తెచ్చి పడేశారు కానీ నేను పడెయ్యలేదు. శుభ్రంగా వండుకు తిన్నాను. మద్ది కదా, పొగ లేకుండా మండింది. భయం వెయ్యలేదా అంటారా? ఆ రోజు పైరేవులో జుట్టు పట్టుకుంది నేనేనండీ. గట్టిగా పట్టుకో అన్నారు, పట్టుకున్నాను. మేకు సగం దిగాక ఆవిడ అరిచింది. ఏమని అరిచిందో దగ్గరున్నాను కాబట్టి నాకొక్కదానికే వినపడింది. వదినా, రిబ్బను తీసెయ్యి, రిబ్బను తీసి కొట్టుకోండి, అది పిల్లది అంది. దయ్యానికి నేను వదిన్ని ఎలా అవుతానండీ? మరి పన్నెండేళ్ళు ఆ మాట ఎందుకు చెప్పలేదంటే, నన్నెవరూ అడగలేదు. అడిగితే నేను దాచుకునే మనిషిని కాదు, మీకు తెలుసు కదా. ఇదిగో, ఇది మటుకు రాసుకోకండి.